సోడాబుడ్డి బ్యాచ్ గెలిచింది సరే... మరి బెట్టీ సంగతి?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బాబాయ్ కూతురు అడిగింది. "అన్నయ్యా, మీ హాస్టల్ రోజుల్లో అందరూ పడీ పడీ నవ్విన సినిమా ఒకటి చెప్పు, ఫోన్‌లో చూద్దాం" అని. తను ఇంజినీరింగ్ సెకండియర్. నేను అరక్షణం కూడా ఆలోచించలేదు. 'రివెంజ్ ఆఫ్ ద నెర్డ్స్' అని చెప్పేశా. అరిసెల డబ్బా మధ్యలో పెట్టుకుని, ఫోన్‌ని చెంబుకి ఆనించి మొదలుపెట్టాం.

మొదటి అరగంట ఇద్దరం బాగా నవ్వాం. తర్వాత ఒక సీన్ వచ్చింది. నేను గభాల్న ఫోన్ లాక్కుని ముందుకి జరిపా. ఇంకాసేపటికి మళ్లీ జరిపా. మూడోసారి జరపబోతుంటే అమ్మడు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "జరిపితే జరుపు గానీ, అక్కడ ఏం జరుగుతోందో నోటితో చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచా. రాలేదు.

నమ్ముతారో లేదో, ఆ సీన్లు సినిమాలో ఉన్న సంగతే నాకు గుర్తులేదు. పందులు గుర్తున్నాయి. త్రేన్పుల పోటీ గుర్తుంది. చివర్లో స్పీచ్ దాదాపు కంఠతా వచ్చు. ఈ సీన్లు మాత్రం మెదడులోంచి ఎవరో కత్తిరించేసినట్టు పోయాయి. ఊరి నుంచి వచ్చాక ఒక్కణ్నే కూర్చుని, ఏదీ జరపకుండా మళ్లీ చూశా. ఈ వ్యాసం అందుకే.

అసలేంటీ సినిమా?

మీలో చాలామంది చూసి ఉండరు. 1984లో వచ్చింది. దర్శకుడు జెఫ్ కాన్యూ. అమెరికాలో దాదాపు 4 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అంత చిన్న సినిమాకి అది మామూలు హిట్టు కాదు. తర్వాత మూడు సీక్వెల్స్ కూడా వచ్చాయి, రెండు టీవీలో. అవి చూడకపోయినా నష్టం లేదు.

కథ మన దగ్గర జరిగినట్టే ఉంటుంది. లూయిస్, గిల్బర్ట్ ఇద్దరు స్నేహితులు. దళసరి కళ్లద్దాలు, చొక్కా జేబునిండా పెన్నులు, కంప్యూటర్ల పిచ్చి. లూయిస్ నవ్వితే గాడిద ఓండ్రపెట్టినట్టుంటుంది. ఆడమ్స్ అనే కాలేజీలో చేరతారు. ఆడమ్స్ కల్పితమే, షూటింగ్ మాత్రం టూసాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో చేశారు. ఆ కాలేజీకి రాజులు ఫుట్‌బాల్ ఆటగాళ్లు. ఆల్ఫా బీటా అనే ఫ్రాటర్నిటీ వాళ్లది. ఫ్రాటర్నిటీ అంటే హాస్టలూ కాదు, యూనియనూ కాదు, రెండిటికీ మధ్యరకం. గ్రీకు అక్షరాల పేరు పెట్టుకుని, తమకి నచ్చినవాళ్లనే చేర్చుకుని, ఒకే ఇంట్లో ఉండే కుర్రాళ్ల సంఘం. అమ్మాయిలకైతే దాన్నే సొరారిటీ అంటారు.

ఒకరోజు ఈ ఆటగాళ్లు నోట్లోంచి మంటలు ఊదే పిచ్చి సరదాకి పోయి సొంత ఇంటినే తగలబెట్టుకుంటారు. వాళ్ల కోచ్ (ఇంకా పెద్దగా పేరు రాని రోజుల్లోని జాన్ గుడ్‌మన్) డీన్‌ని దబాయించి ఫ్రెషర్స్ హాస్టల్‌ని వాళ్లకి ఇప్పించేస్తాడు. ఫస్టియర్ పిల్లలు మంచాలతో సహా జిమ్‌లో పడతారు. తర్వాత మిగతావాళ్లని ఏదో ఒక ఫ్రాటర్నిటీ తీసుకుంటుంది. ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయిన గుంపే మన హీరోలు. చిన్న వయసులోనే కాలేజీకొచ్చిన బుడ్డోడు, జపాన్ కుర్రాడు తకాషీ, నల్లజాతి గే కుర్రాడు లమార్, వయొలిన్ వాయించే పాయిన్‌డెక్స్‌టర్, స్నానం చేస్తాడో లేదో తెలియని బూగర్.

మా రూం నంబరు మారిన కథ

2007లో నేను సెకండియర్. కాలేజీ విజయవాడకి బస్సులో గంట దూరం. ఓ సీనియర్ హార్డ్‌డిస్క్‌లోంచి ఈ సినిమా మా హాస్టల్‌కొచ్చింది. 'హ్యాపీ డేస్' రిలీజైన ఏడాది అది. హాస్టలంతా ఆ పాటలే. అందరూ 'హ్యాపీ డేస్' బ్యాచ్‌లా ఉండాలనుకునేవాళ్లు. మా నలుగురికి మాత్రం అద్దంలో చూసుకుంటే తెలిసిపోయేది, మనం ఆ బ్యాచ్ కాదని. క్రికెట్ టీమ్‌లోకి ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఫ్రెషర్స్ డేకి స్టేజీ ఎక్కమనేవాళ్లు కాదు. పరీక్షల ముందు వారం మాత్రం మా రూం ముందు క్యూ. రికార్డులివ్వు, అసైన్‌మెంట్లివ్వు. పరీక్షలయ్యాక మళ్లీ 'సోడాబుడ్లు', 'సుద్దపప్పులు'.

అలాంటి మాకు ఈ సినిమా దొరికింది. చదువుకునేవాడే హీరో అయిన కాలేజీ సినిమా! 1978లో వచ్చిన 'యానిమల్ హౌస్' కూడా ఓడిపోయిన బ్యాచ్ కథే, కానీ వాళ్లు చదవనివాళ్లు. అలాంటి హీరోలు మన సినిమాల్లో బోలెడు. కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని అమ్మాయితో స్నేహం చేసే గిల్బర్ట్‌ని మేం అప్పటిదాకా ఎక్కడా చూడలేదు. సినిమాలో వాళ్ల ఫ్రాటర్నిటీ పేరు ల్యామ్డా ల్యామ్డా ల్యామ్డా, ముద్దుగా ట్రై ల్యామ్. మర్నాడే మా తలుపు మీద రూం నంబరు చెరిపేసి చాక్‌పీసుతో మూడు ల్యామ్డాలు గీశాం. వార్డెన్ అది ఏదో ఫిజిక్స్ ఫార్ములా అనుకున్నాడు లెండి.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వూ, సిగ్గూ రెండూ వచ్చే ముక్క ఒకటుంది. తకాషీ మాట్లాడే విరిగిన ఇంగ్లిష్‌కి మేం కడుపుబ్బ నవ్వేవాళ్లం. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే చెమటలు పట్టే మేం! ఆ సినిమాలో మాకు అందరికంటే దగ్గరివాడు తకాషీయే. ఒక్కడికీ తట్టలేదు.

బాగున్నదేదో ఇప్పటికీ బాగుంది

మళ్లీ చూస్తే అంతా చెత్తేనా? కాదు. పాడుపడిన ఇంటిని వీళ్లంతా కలిసి బాగుచేసుకునే ఘట్టం నాకు ఇప్పటికీ ఇష్టం. ఎవడికి వచ్చిన పని వాడు చేస్తాడు. ఆ ఇంటిని ఆల్ఫా బీటాలు రాయి విసిరి పగలగొడితే, ఫిర్యాదు చేయాల్సింది గ్రీక్ కౌన్సిల్‌కి. ఆ కౌన్సిల్ ప్రెసిడెంట్ ఎవరయ్యా అంటే ఆల్ఫా బీటాల నాయకుడు స్టాన్ గేబుల్. కొట్టినవాడే జడ్జీ. కాలేజీలో కమిటీల సంగతి తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కౌన్సిల్లో మాట చెల్లాలంటే ఏదైనా జాతీయ ఫ్రాటర్నిటీ అండ కావాలి. ఊరూరా దరఖాస్తులు పెడతారు. ఒక్కళ్లే రమ్మంటారు, అదీ వీళ్ల ఫొటో పంపలేదు కాబట్టి. వెళ్లి చూస్తే అది నల్లజాతి విద్యార్థుల ఫ్రాటర్నిటీ. ఇది రాసినవాళ్ల ఊహ మాత్రమే కాదు. అమెరికా కాలేజీల్లో తెల్లవాళ్ల సంఘాలు తలుపులు మూసేస్తే నల్లజాతి విద్యార్థులు సొంతంగా పెట్టుకున్న ఫ్రాటర్నిటీలున్నాయి. కార్నెల్‌లో 1906లో మొదలైన ఆల్ఫా ఫై ఆల్ఫా అలాంటిదే. కాబట్టి ఎవరూ రానివ్వని సోడాబుడ్లకి చోటిచ్చింది వాళ్లే కావడంలో ఒక న్యాయం ఉంది. క్లైమాక్స్‌లో గిల్బర్ట్ మైకు పట్టుకుంటాడు. ఆటగాళ్లు కొట్టడానికి లేస్తారు. అప్పుడు నల్లజాతి ట్రై ల్యామ్ సభ్యులు నడుచుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడతారు. ఒక్క దెబ్బ కూడా వెయ్యరు. ఆ షాట్‌కి నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత గిల్బర్ట్, లూయిస్ అడుగుతారు. ఎప్పుడైనా మీ మీద ఎవరైనా నవ్వారా, మిమ్మల్ని తొక్కేశారా, అయితే మీరూ మాలాంటివాళ్లే, దిగి రండి అని. మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వస్తారు. వెనక క్వీన్ వాళ్ల పాట. మా రూంలో ఆ సీన్‌కి నలుగురికీ కళ్లు చెమ్మగిల్లేవి. పైకి మాత్రం ఎవడూ ఒప్పుకునేవాడు కాదు.

మధ్యలో జరిగింది

ఇక నేను అమ్మడికి నోటితో చెప్పలేకపోయిన సంగతి.

పై డెల్టా పై అనే సొరారిటీ ఉంటుంది. స్టాన్ గర్ల్‌ఫ్రెండ్ బెట్టీ అక్కడే ఉంటుంది. ఆ అమ్మాయిలు పార్టీకి వస్తామని చెప్పి మన హీరోలకి మొండిచెయ్యి చూపిస్తారు. అదే పార్టీలోకి ఆల్ఫా బీటాలు పందుల్ని వదులుతారు. అవమానమే, కాదన్ను. దానికి ప్రతీకారం ఏంటంటే, ఆటగాళ్ల లోదుస్తులకి మంటపుట్టే మందు పూస్తారు. అమ్మాయిల ఇంట్లోకి చొరబడి కెమెరాలు బిగిస్తారు. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుని వాళ్లు బట్టలు మార్చుకోవడం చూస్తారు.

అక్కడితో ఆగలేదు. చందాల పోటీలో క్రీమ్ పూసిన పై అమ్ముతారు. ప్లేటు ఖాళీ అయ్యాక అడుగున ఒక ఫొటో ఉంటుంది. ఆ కెమెరాలో దొరికిన బెట్టీ ఫొటో, ఒంటి మీద బట్టలు సరిగా లేకుండా. జనం ఎగబడి కొంటారు. ఫొటో చూసిన స్టాన్ రెచ్చిపోతాడు. బెట్టీకి ఏం జరిగిందని కాదు, తన సొత్తు ఎవరో ముట్టుకున్నట్టు. ఆ తర్వాత లూయిస్, స్టాన్ వేసుకున్న డార్త్ వేడర్ మాస్కు పెట్టుకుని, స్టాన్‌లా నటించి బెట్టీతో పడుకుంటాడు. మాస్కు తీశాక ఆమె కోప్పడాలి కదా? మురిసిపోతుంది. చివర్లో తను ఈ నెర్డ్‌నే ప్రేమిస్తున్నానని చెప్పేస్తుంది.

అది ప్రేమకథ కాదు. ఆమె ఒప్పుకుంది ఇంకొకడికి. దీన్ని దేశం ఏదైనా అత్యాచారం అనే అనాలి. దర్శకుడు కాన్యూ కూడా తర్వాతి కాలంలో ఆ సీన్ గురించి తప్పు ఒప్పుకుంటూనే మాట్లాడాడు.

1984 సినిమాని ఇప్పటి తక్కెడలో తూస్తావా అని అడుగుతారు. ఇప్పటి తక్కెడ నాకు అక్కర్లేదు. ఆ సినిమా క్లైమాక్స్‌లో తనే పెట్టిన తక్కెడ చాలు. తొక్కేసినవాళ్లంతా దిగి రండి అని పిలిచింది కదా, మరి ఆ ఇంట్లో కెమెరాకి దొరికిన అమ్మాయిలు ఏ మెట్టు మీద కూర్చున్నట్టు? కొట్టింది మగాళ్లు. ఇల్లు లాక్కుంది మగాళ్లు. సోడాబుడ్లు వాళ్లకి వేసిన శిక్ష ఓ పూట మంట. స్టాన్ మీద గెలిచిన అసలు గెలుపు మాత్రం బెట్టీ ఒంటి మీదుగా నడిచింది. అప్పుడు లూయిస్‌కీ స్టాన్‌కీ తేడా కళ్లద్దాలేగా!

నేనిక తప్పించుకోలేక ఇదంతా పొట్టిగా చెబితే అమ్మడు ఒకటే అడిగింది. "ఆ ఫొటో సంగతి బెట్టీకి తెలుస్తుందా?"

ఆలోచించా. సినిమా ఆ ప్రశ్న వైపు కన్నెత్తి కూడా చూడదు. "ఆ ఇంట్లో మిగతా అమ్మాయిల పేర్లేంటి?" అంది. ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు. ఒక్క పేరూ గుర్తు రాలేదు. మా నలుగురికీ ఆ గుంపులో బుడ్డోడి పేరు దగ్గర్నుంచి అందరివీ తెలుసు.

బ్లూటూత్ ఆన్ చెయ్

ఇప్పుడు చెప్పబోయేది అమ్మడికి ఆ రాత్రి చెప్పలేదు.

2008. థర్డియర్. సెమినార్ అవర్‌లో మా నలుగురిలో ఒకడు స్టేజీ మీద నత్తి వచ్చి ఆగిపోయాడు. ముందు బెంచీలో ఓ అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆ అమ్మాయిని చూసి క్లాసంతా నవ్వింది. వాడు రెండ్రోజులు మెస్‌కి రాలేదు. మేమే ప్లేటులో పెట్టుకుని రూంకి తీసుకెళ్లాం. క్లాసులో అందరికంటే మార్కులొచ్చేవాడు, గొంతు పెంచి మాట్లాడటం ఎరగనివాడు.

ఒక వారం పోయాక సాయంత్రం వాడు నవ్వుతూ వచ్చాడు. చేతిలో కెమెరా ఫోన్. ల్యాబ్ మెట్లెక్కుతుంటే కింద నుంచి తీసిన ఫొటో. ఆ అమ్మాయిదే. "రివెంజ్ రా" అన్నాడు. మిగతా ఇద్దరూ లూయిస్‌లా ఓండ్రపెట్టి నవ్వారు. నేనూ నవ్వా. "బ్లూటూత్ ఆన్ చెయ్" అన్నాడు. నా ఫోన్ అడిగింది, స్వీకరించాలా అని. రెండు బటన్లు, అవును, కాదు. నేను 'అవును' నొక్కా.

తర్వాత నేను ఎవరికీ పంపలేదు. చాలా ఏళ్లు దీన్నే నా మంచితనంగా లెక్కేసుకున్నా. పంపేవాళ్లు పంపారు. మూడ్రోజుల్లో హాస్టల్ మూడు అంతస్తులకీ చేరింది. ఎవరో ఆ అమ్మాయికే చూపించారు. రెండు వారాలు కాలేజీకి రాలేదు. వచ్చాక చివరి బెంచీలో, గోడ పక్కన కూర్చునేది. మెట్ల మీద బ్యాగుని వెనక్కి పట్టుకుని ఎక్కేది. ఎవరు తీశారో తెలుసుకోవాలని గట్టిగా అడిగినవాళ్లు లేరు. మమ్మల్నయితే అనుమానించను కూడా లేదు. అలాంటి పనులు చేసేది బ్యాక్‌బెంచ్ పోకిరీలు కదా! మేం సోడాబుడ్లం. ఆ పేరు అన్నేళ్లు మాకు చేసిన మేలు అదొక్కటే.

అప్పట్లో మాకు చట్టం తెలియదు, నిజమే. ఆడవాళ్లు ఒంటరిగా, ఎవరూ చూడరనుకున్న స్థితిలో ఉన్నప్పుడు చాటుగా చూడటం, ఫొటో తీయడం, దాన్ని పంచడం ప్రత్యేక నేరంగా ఐపీసీలో చేరింది 2013లో, 354సీ సెక్షన్‌గా. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఫొటో తీయడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమే. ఒప్పుకోకుండా ఒంటి రహస్య భాగాలు ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టంలో 66ఈ సెక్షన్ వేరే ఉంది. ఇవి మీకు చెబుతున్నా, పనికొస్తాయి కాబట్టి. నాకు మాత్రం ఇవి సాకు కాదు. ఆ 'అవును' నొక్కేటప్పుడు తలుపు గడియ పెట్టి ఉందో లేదో చూసి మరీ నొక్కా. తప్పని తెలియకపోతే గడియ ఎందుకు చూస్తాను?

సినిమా చూసి చెడిపోయాం అనను. ఫొటోలు తీసే పోకిరీలు ఆ సినిమా పేరు కూడా విననివాళ్లలో బోలెడుమంది. కానీ 'రివెంజ్' అన్న మాట మాకు అందులోంచే వచ్చింది. మనల్ని చూసి నవ్వారు కాబట్టి, మనం బలహీనులం కాబట్టి, మనం ఏం చేసినా లెక్క సరిపోతుందన్న ధైర్యం కూడా అందులోంచే వచ్చింది. నవ్వింది క్లాసంతా. లెక్క తేల్చుకుంది ఒక్క అమ్మాయితో.

ఆ ఏడాదే, అంటే 1984 జనవరిలోనే, యాపిల్ మెకింటోష్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత ప్రపంచం లూయిస్‌లదే అయిపోయింది. మా నలుగురి సంగతే చూడండి. ఇద్దరు అమెరికాలో, ఒకడు బెంగళూరులో, నేను హైదరాబాద్‌లో. ఒకడి టీం ఫోన్లలో ఫొటోలు దాచుకునే యాప్‌కే పనిచేస్తుంది. మమ్మల్ని సోడాబుడ్లు అని ఇప్పుడెవరూ అనరు. మా వాట్సాప్ గ్రూప్ పేరు మాత్రం ఇప్పటికీ 'ట్రై ల్యామ్'. డీపీ లూయిస్ నవ్వే ఫొటో.

సినిమా రెండోసారి చూసిన రాత్రి ఆ గ్రూప్‌లో రాశా. "థర్డియర్‌లో ల్యాబ్ మెట్ల దగ్గర తీసిన ఫొటో గుర్తుందా?" అని. ఒకడు వెంటనే "ఎవరిది రా?" అన్నాడు. ఇంకొకడు "పదిహేనేళ్లు దాటింది, ఇప్పుడెందుకవన్నీ" అన్నాడు. ఫొటో తీసినవాడి పేరు పక్కన చాలాసేపు 'టైపింగ్' అని కనబడింది. ఆగింది. మళ్లీ కనబడింది.

రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. మొదటి మాట ఆ అమ్మాయి పేరు. ఇంటిపేరుతో సహా.